గేదెకి థర్మామీటర్ పెడితే పూటకో లెక్క వస్తోంది. ఏది నమ్మాలి?

నాగావళి_పాడి (ఆమదాలవలస దగ్గర):

అందరికీ నమస్కారమండి. సాలలో రెండు ముర్రా గేదెలు, ఒక జెర్సీ సంకరజాతి ఆవు, ఏడు మేకలు ఉన్నాయి. జబ్బు ముదిరేదాకా ఆగకుండా రోజూ జ్వరం, నాడి, ఊపిరి చూసి పుస్తకంలో రాసుకోవాలని మొదలుపెట్టాను. మందుల షాపులో మనుషులకు వాడే డిజిటల్ థర్మామీటరే కొన్నాను. వారం రోజుల లెక్కలు చూస్తే ఏదీ అర్థం కావడం లేదు.

ఆవుకి ఉదయం 6 గంటలకి 101.2, సాయంత్రం 5 గంటలకి 102.4. అన్ని రోజులూ ఇంచుమించు ఇలాగే ఉంది. పెద్ద గేదెకి ఉదయం 100.2 వచ్చింది, అదే రోజు మధ్యాహ్నం 2 గంటలకి 103.1. మర్నాడు చెరువు నుంచి తోలుకొచ్చాక చూస్తే 97.8. మేత బాగానే తింటోంది, పాలు తగ్గలేదు. కరోనా అప్పుడు కొన్న నుదుటి దగ్గర పెట్టే గన్‌తో చూస్తే అన్నిటికీ 94, 95 అంటోంది.

నాడి మాత్రం అసలు దొరకడం లేదు. తోక కింద పట్టుకుని చూస్తారంటే ఎంత నొక్కినా ఏమీ తగలడం లేదు. ఊపిరి ఆవుకి ఒకసారి 28, ఒకసారి 52 లెక్క తేలింది.

రెండో గేదె పది రోజుల్లో ఈనేలా ఉంది. దానికి ప్రత్యేకంగా ఏం చూడాలి? ఎంత వస్తే డాక్టరు గారికి ఫోన్ చెయ్యాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

సాల_డైరీ (టెక్కలి, పశువైద్య సహాయకుడు):

మీ లెక్కల్లో చాలావరకు తప్పు లేదండి. చూసిన వేళ, చూసిన తీరు మారాయి, అంతే. ముందు జ్వరం సంగతి చెప్తాను.

విశ్రాంతిగా ఉన్న పెద్ద ఆవుకి 100.4 నుంచి 102.8 దాకా మామూలే. గేదెకి దానికంటే కొంచెం తక్కువ, ఎక్కువ భాగం 100 నుంచి 101.5 మధ్య ఉంటుంది. దూడలకి 101.5 నుంచి 103. ఆరోగ్యంగా ఉన్న పశువుకి కూడా తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఒక డిగ్రీ దాకా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మీ ఆవు 101.2, 102.4 రెండూ మంచి లెక్కలే. ఉదయం లెక్కని ఉదయం లెక్కతోనే పోల్చండి. సాయంత్రం లెక్కతో పోలిస్తే ప్రతి రోజూ జ్వరం వచ్చినట్టే కనిపిస్తుంది.

గేదె సంగతి వేరు. నల్ల తోలు ఎండని పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ. అందుకే అది నీళ్లు వెతుక్కుంటుంది. మధ్యాహ్నం 2 గంటలకి ఎండలో కట్టి ఉంటే 103 రావడం జబ్బు కాదు, వేడి. నీడలోకి మార్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గంట తర్వాత మళ్లీ చూస్తే దిగిపోవాలి. దిగకపోతే అప్పుడు జ్వరం అని అనుమానించాలి. చెరువులో చాలాసేపు పడుకుని వచ్చిన గేదెకి లెక్క తగ్గడం కూడా సహజం. గట్టుకొచ్చాక ఒళ్లు ఆరి, కనీసం గంట గడిచాకే పెట్టండి.

అయితే 97.8 అంత తక్కువ వచ్చిందంటే నీళ్లు ఒక్కటే కారణం కాకపోవచ్చు. మలద్వారంలో పేడ నిండి ఉంటే థర్మామీటర్ మొన పేడలోకి దిగుతుంది. పేడ వేడి చూపిస్తుంది కానీ పశువు ఒంటి వేడి చూపించదు. మొన లోపలి గోడకి ఆనాలి. కృత్రిమ గర్భధారణ చేసి చెయ్యి తీసిన వెంటనే చూసినా లోపలికి గాలి చేరి లెక్క తగ్గుతుంది. పేడ వేసేదాకా ఆగి, పది నిమిషాల తర్వాత పెట్టడం మేలు.

పెట్టే పద్ధతి: పశువుని రాటకి పొట్టి పలుపుతో కట్టండి. సరిగ్గా వెనక నిలబడకండి, ఎడమ తొడకి మీ ఒళ్లు ఆనించి పక్కగా నిలబడితే తన్ను తగలదు. తోక మొదలు దగ్గర పట్టుకుని పక్కకి ఎత్తండి. మొనకి కొబ్బరినూనె గానీ వాజెలైన్ గానీ రాసి, కొంచెం తిప్పుతూ రెండు, రెండున్నర అంగుళాల లోపలికి దించి, గోడకి ఆనేలా ఓరగా పట్టండి. డిజిటల్‌ది కూత పెట్టాక కూడా అరనిమిషం ఉంచండి. మనుషుల కోసం చేసిన వాటిలో కొన్ని త్వరగా అంచనా కట్టి ముందే కూస్తాయి. పాదరసం గాజుదైతే ముందు 95 కిందకి విదిలించి, రెండు నిమిషాలు ఉంచాలి. ఏదైనా సరే చివర దారం కట్టి, దారానికి బట్టల క్లిప్పు తగిలించి, క్లిప్పుని తోక వెంట్రుకలకి పెట్టండి. పశువు ఒక్కసారి ముక్కితే థర్మామీటర్ కింద పడుతుంది, లేదా లోపలికి జారిపోతుంది.

కడగడానికి చల్లనీళ్లు, సబ్బు, తర్వాత స్పిరిట్ దూది. పాదరసం థర్మామీటర్‌ని వేడినీళ్లలో ముంచితే గొట్టం పగిలిపోతుంది. పశువులకి వాడినది ఇంట్లో పిల్లలకి వాడకుండా ఎర్ర రిబ్బను కట్టి విడిగా పెట్టండి.

నుదుటి గన్ మాట మర్చిపోండి. వెంట్రుకలు, తడి, గాలి, ఎండ అన్నీ కలిసిన తోలు వేడి అది చూపిస్తుంది. దానికి రెండు డిగ్రీలు కలుపుకుంటే సరిపోతుందని కొందరంటారు, ఆ లెక్క నిలకడగా ఉండదు.

కొత్త థర్మామీటర్ మీద అనుమానం ఉంటే గోరువెచ్చని నీళ్లలో దాన్నీ, ఇంట్లో ఉన్న ఇంకో థర్మామీటర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. అరడిగ్రీ దాటి తేడా ఉంటే ఒకటి పాడైనట్టు.

---

గరివిడి_పాలకేంద్రం:

నాడి దొరకకపోవడానికి అసలు కారణం గట్టిగా నొక్కడమేనండి. తోక కింద ధమని సన్నంగా ఉంటుంది, బొటనవేలంత బలం పెడితే అణిగిపోతుంది. తోకని ఎడమ చేత్తో నడుం ఎత్తుకి లేపండి. అడుగు భాగంలో మధ్యన, వెంట్రుకలు లేని చోట, ఎముక కణుపుల మధ్య ఒక గాడి తగులుతుంది. మలద్వారానికి నాలుగు వేళ్ల కిందన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఆ గాడిలో వాల్చి ఉంచండి. నొక్కొద్దు, వాల్చండి. పది సెకన్లు ఓపిక పడితే వేలి కింద మెల్లగా తన్నుతుంది. బొటనవేలు వాడితే మీ నాడే మీకు తగిలి మోసం చేస్తుంది. దొరకకపోతే వేళ్లని అంగుళం కిందకి జరపండి.

తోకలో దొరకని వాటికి దవడ కింద చూడొచ్చు. కింది దవడ ఎముక అంచు మీద, నమిలే కండ మొదలయ్యే చోటికి కాస్త ముందు ధమని ఎముక మీదుగా దాటుతుంది. నెమరు వేస్తుంటే ఇక్కడ లెక్క కుదరదు. స్టెతస్కోప్ ఉంటే ఎడమ ముందుకాలు కాస్త ముందుకి జరిపించి, మోచేయి వెనక పక్కటెముకల మీద పెట్టండి.

పెద్ద ఆవుకి నిమిషానికి 60 నుంచి 80, గేదెకి 40 నుంచి 60 దాకా, దూడలకి 100 దాటినా మామూలే. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు. ఒక్కటి తప్పితే నాలుగు తేడా పడుతుంది. పూర్తి నిమిషం లెక్కపెట్టడం మంచిది, కనీసం 30 సెకన్లు. థర్మామీటర్ పెట్టి ఉన్న రెండు నిమిషాల్లోనే నాడి కూడా తోకలో లెక్కపెట్టేస్తే పశువుని రెండోసారి కదపక్కర్లేదు.

ఊపిరి మాత్రం అన్నిటికంటే ముందు, ముట్టుకోకముందే చూడాలి. నాలుగైదు అడుగుల దూరంలో, వెనక మూల నుంచి నిలబడి డొక్క లేవడం, పడడం కలిపి ఒకటిగా లెక్కపెట్టండి. నిమిషానికి ఆవుకి, గేదెకి చల్లని పూట 15 నుంచి 30 దాకా. మీ ఆవుకి 28, 52 అన్నారు కదా, ఆ 52 ఏ వేళలో వచ్చిందో రాసుకోలేదు. మన తీరంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండకంటే గాలిలో తేమ పశువుని ఎక్కువ బాధపెడుతుంది. 33 డిగ్రీల సెల్సియస్ వేడి, 75 శాతం తేమ కలిస్తే వేడి-తేమ సూచీ సుమారు 87 అవుతుంది. పాడి ఆవుకి 72 దాటగానే ఇబ్బంది మొదలు. జెర్సీకి అలాంటి మధ్యాహ్నం 50, 60 రావడం వింత కాదు. 80 దాటి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తుంటే అది ఆపద. వెంటనే నీడ, ఒంటి మీద నీళ్లు, వాటితో పాటు గాలి. గాలి ఆడని రేకుల సాలలో నీళ్లు మాత్రం పోస్తే ఆవిరి నిలిచి ఇంకా ఉక్కపోస్తుంది.

తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా 45 దాటి కొట్టుకుంటుంటే వేడి మీదకి నెట్టేయకండి. ఊపిరితిత్తులో, జ్వరమో, రక్తం తగ్గడమో చూడాలి.

---

మేకల_మంద (పాతపట్నం):

మేకల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి. మేకకి 102 నుంచి 103.5 మామూలు. ఆవు లెక్క పట్టుకుని 103 చూసి భయపడి సూది వేయించకండి. మందని తరిమి పట్టుకుంటే ఒక డిగ్రీ పెరుగుతుంది, నాడి రెట్టింపు దాకా పోతుంది. పట్టుకున్నాక పది నిమిషాలు నీడలో నిలబెట్టి అప్పుడు చూడండి. మొన అంగుళంన్నర లోపలికి చాలు. నాడి తోకలో కాదు, వెనకకాలు తొడ లోపలివైపు పైభాగంలో వేళ్లు పెడితే బాగా తగులుతుంది, 70 నుంచి 90. ఊపిరి 15 నుంచి 30. 104 దాటి, ముక్కు నుంచి చిక్కగా కారుతూ, కళ్లకి పుసులు కట్టి, పారుతుంటే పీపీఆర్ (మేకల ప్లేగు) అనుమానించి ఆ మేకని అదే పూట మంద నుంచి వేరు చేయండి. అది గాలి ద్వారా పక్కవాటికి పాకే జబ్బు.

---

నాగావళి_పాడి:

చాలా ఉపకారం చేశారు. ఈ పూట చెప్పినట్టే చేశాను. ఊపిరి ముందు, తర్వాత నాడి, జ్వరం కలిపి. ఉదయం ఆరుకి ఆవు: ఊపిరి 24, నాడి 66, జ్వరం 101.3. పెద్ద గేదె: ఊపిరి 18, నాడి 48, జ్వరం 100.4. తోకలో వేళ్లు వాల్చి ఉంచితే నిజంగానే దొరికింది.

రెండు అడుగుతాను. ఒకటి, ఈనబోయే గేదె. రెండోది, 103.5 వస్తే జ్వరం సూది వేయించేసి డాక్టరు గారి కోసం చూడొచ్చా?

---

సాల_డైరీ:

రెండో ప్రశ్నకి ముందు జవాబు. వద్దండి. ముందు లెక్క రాయించాలి, తర్వాతే సూది. జ్వరం తగ్గించే మందు పడితే నాలుగైదు గంటలు లెక్క పడిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. డాక్టరు గారు వచ్చేసరికి 101.8 చూపిస్తే ఆయనకి సగం ఆధారం పోయినట్టే. సంకరజాతి ఆవుల్లో పిడుదుల వల్ల వచ్చే థైలేరియాసిస్ లో సరిగ్గా ఇదే జరుగుతుంది. 105 జ్వరం, సూది, తగ్గినట్టు, మర్నాడు మళ్లీ 105. ఈలోగా జబ్బ ముందు గడ్డ నిమ్మకాయంత వాస్తుంది, రక్తం తగ్గిపోతుంది. రోజుకి రెండుసార్లు రాసిన లెక్క చూపిస్తే రక్తపు చుక్క పరీక్షకి మొదటి రోజే పంపుతారు. ఇంకోమాట, నొప్పి, జ్వరం తగ్గించే డైక్లోఫెనాక్ మందు పశువులకి వాడకం 2006 నుంచి నిషేధం, అది పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. ఎవరైనా మనుషుల డైక్లో సూది తెచ్చి వేస్తామంటే ఒప్పుకోకండి.

జ్వరం ఒక్కటే చూసి నిర్ణయించకండి. నాలుగూ కలిపి చదవాలి. నాలుగోది డొక్క. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు నిలబడండి. లోపల ఉరుము దొర్లినట్టు కదిలి పిడికిలిని పైకి తోస్తుంది. రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు అలా రావాలి. నెమరు వేసేటప్పుడు ఒక ముద్దకి ఎన్నిసార్లు నములుతోందో లెక్కపెట్టండి, 50 అటూ ఇటూ ఉంటే సుఖంగా ఉన్నట్టు. ముట్టె మీద చెమట బిందువులు ఉండాలి.

పెళ్లి విందులో మిగిలిన అన్నం తొట్టి నిండా పెట్టిన మర్నాడు వచ్చే కేసు చూడండి. జ్వరం 100, మామూలుగా ఉంటుంది, ఇంకా తక్కువగానూ ఉంటుంది. జ్వరం లేదు కదా అని ఊరుకుంటారు. నాడి మాత్రం 100 దాటి ఉంటుంది, డొక్క కదలదు, తోస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు. కడుపు పులిసిపోయింది. నాడి 120 దాటితే బతకడం కష్టం, కాబట్టి ఇక్కడ థర్మామీటర్‌కంటే మీ రెండు వేళ్లే ముఖ్యం.

అలాగే గడ్డిలో కలిసిన ఇనప తీగ మింగిన పశువు. జ్వరం 103 దగ్గర ఊగుతుంది, నాడి రోజుల తరబడి 90, 100 కిందకి దిగదు, పల్లంలోకి దిగడానికి ఇష్టపడదు, తర్వాత రొమ్ము కింద నీరు దిగుతుంది. ఇల్లు కట్టే చోట కట్టుతీగ ముక్కలు ఏరి పారేయమని చెప్పేది అందుకే.

వానలు పడే రోజుల్లో గేదెకి ఒక్కసారిగా 105, 106 వచ్చి, చొంగ కారుతూ, గొంతు కింద వాచి, గురక పెడుతుంటే ఇంకేమీ లెక్కపెట్టొద్దు. అది గొంతువాపు. ఒక రోజులోనే ప్రాణం పోతుంది. అప్పుడే ఫోన్ చెయ్యాలి. దీనికి టీకా తొలకరికి ముందే వేయించాలి.

ఇక ఈనబోయే గేదె. ఇవాళ్టి నుంచే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదే వేళకి జ్వరం చూడండి. ఈనడానికి ముందు రోజు లెక్క సుమారు ఒక డిగ్రీ పడిపోతుంది. పొదుగు బిగిసి, తోక పక్క కండరాలు జారి, దాంతోపాటు ఈ తగ్గుదల కనిపిస్తే ఆ రాత్రి మనిషి సాల దగ్గర పడుకోవాలి. తగ్గలేదని మాత్రం ధీమా పడకండి, కొన్నిటికి తెలిసేంత తగ్గదు.

ఈనాక మొదటి మూడు రోజులు పాలజ్వరం భయం. రక్తంలో కాల్షియం పడిపోయి వచ్చేది. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్లు చల్లబడుతుంది. ముందు వణుకు, తడబాటు, మేత మానడం. అప్పటికి లెక్క మామూలుగానే ఉండొచ్చు. తర్వాత కూలబడి మెడని డొక్కవైపు తిప్పేస్తుంది, చెవులు పట్టుకుంటే చల్లగా, ముట్టె ఎండిపోయి, జ్వరం 97 నుంచి 100 మధ్య, నాడి వేగంగా, దారంలా బలహీనంగా ఉంటుంది. ఈ స్థితిలో నోట్లో ఏదీ పోయకండి. బెల్లం నీళ్లు, కాల్షియం టానిక్, గంజి, ఏదైనా సరే. మింగే శక్తి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా చేస్తుంది. రొమ్ము మీద కూర్చునేలా రెండువైపులా గడ్డి కట్టలు ఆనించి, పశువుల అంబులెన్సు నంబరు 1962 కి ఫోన్ చేయండి. డాక్టరు గారు కాల్షియం నరంలోకి మెల్లగా ఎక్కిస్తారు. అది వేగంగా పోతే గుండె లయ తప్పుతుంది. అందుకే ఎక్కుతున్నంతసేపూ ఒకరు గుండె మీద స్టెతస్కోప్ గానీ చెయ్యి గానీ ఉంచాలి. కొట్టుకోవడం తడబడితే ఆపేస్తారు. మందు పని చేస్తే తేన్పులు వస్తాయి, పేడ వేస్తుంది, ఎండిన ముట్టె మీద మళ్లీ చెమట పుడుతుంది.

ఈనిన పది రోజుల దాకా 103 దాటితే పొదుగు నాలుగు సళ్లూ పిండి చూడండి, గర్భాశయం నుంచి వచ్చే స్రావానికి కుళ్లు వాసన ఉందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం ఈ రెండిట్లో ఒకటి.

---

గరివిడి_పాలకేంద్రం:

ఒక చిన్న చేర్పు. గేదెల చిగుళ్లు నల్లగా ఉంటాయి, రంగు తెలియదు. కింది కనురెప్పని బొటనవేలితో కిందకి లాగి లోపలి పొర చూడండి. గులాబీ రంగు ఉండాలి. తెల్లగా ఉంటే రక్తం తక్కువ, పసుపుగా ఉంటే కామెర్లు, ఇటుక ఎరుపైతే ఒంట్లో విషం చేరుతోందని. మెడ మీద తోలు చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటి మడతలాగే నిలిస్తే ఒంట్లో నీరు తగ్గింది. దూడలు పారుతున్నప్పుడు జ్వరం కంటే ఇది ముందు చూడండి.

మెడకి కట్టే నెమరు బెల్టులు, కడుపులో వేసే సెన్సర్ గుళికలు వస్తున్నాయి. మూడు పశువులకి వాటి మీద డబ్బు పెట్టక్కర్లేదు. కడుపులో గుళిక లెక్క మలద్వారం లెక్కకంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, చల్లనీళ్లు తాగగానే దబ్బున పడిపోతుంది. రెండూ ఒకే పుస్తకంలో కలిపి రాస్తే మళ్లీ గందరగోళమే.

---

సాల_డైరీ:

పుస్తకంలో గీతలు ఇలా గీయండి: తేదీ, వేళ, ఊపిరి, నాడి, జ్వరం, డొక్క, పాలు ఎన్ని లీటర్లు, చివర ఒక గడి ఖాళీగా. ఆ ఖాళీ గడిలో ఎండలో ఉందా, నీళ్ల నుంచి వచ్చిందా, ఎదలో ఉందా, ఏ మందు ఎన్ని గంటలకి పడింది అని రాయండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే పది రోజులు రాస్తే ఒక్కోదాని సొంత లెక్క తేలుతుంది. మీ పెద్ద గేదెది 100.3 అని తేలిందనుకోండి, ఒక తెల్లవారుజామున 102.3 వస్తే ఏ పుస్తకం మామూలే అన్నా సరే, మీరు ఫోన్ చేయండి. ఫోన్‌లో జ్వరంగా ఉందండి అనకుండా, ఆరుకి 102.3, నాడి 72, ఊపిరి 36, డొక్క రెండు నిమిషాల్లో ఒక్కసారే కదిలింది, రాత్రి పాలు లీటరు తగ్గాయి అని చదవండి. వాళ్లు సంచిలో ఏ మందులు వేసుకుని బయల్దేరాలో అక్కడే తేలిపోతుంది.